అడిగి రాసిన బరువు

ఇప్పుడు గుండెకు ఎకో తీసే గదుల్లో పనిచేస్తున్న మీలాంటి పిల్లలను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్ళు కూడా. మీ మిషన్‌లో ఎత్తు, బరువు అని రెండు గళ్ళుంటాయి. వాటిని నింపితే చాలు, మిగతా లెక్కంతా అదే చేసిపెడుతుంది. మేము ఆ లెక్క చేత్తో చేసేవాళ్ళం. కానీ ఆ రెండు గళ్ళు నింపాల్సింది అప్పుడూ మనిషే, ఇప్పుడూ మనిషే. అందులో ఒక గడిలో నేను రాసిన ఒక అంకె గురించి మీకు చెప్పాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. రిటైరయిన మనిషికి ఎవరూ మెమో ఇవ్వరు కాబట్టి ఇప్పుడు ధైర్యం వచ్చింది. నా ధైర్యం ఎప్పుడూ ఇలా ఆలస్యంగానే వస్తుంది.

ఎనభైల చివరి మాట ఇది. మద్రాసులో ఆరు నెలలు పని నేర్చుకుని వచ్చి, మదనపల్లెలో ఒక ధర్మాసుపత్రిలో చేరాను. ఎవరో దాతలు ఇచ్చిన ఎకో మిషన్ ఉండేది అక్కడ, బీరువా అంత. జనం దాన్ని గుండె టీవీ అనేవాళ్ళు. నన్ను నర్సమ్మ అనేవాళ్ళు. నేను నర్సును కాదు, టెక్నీషియన్ని అని మొదటి నెల అందరికీ చెప్పాను. రెండో నెల నుంచి ఊరుకున్నాను.

గుండె డాక్టరు గారు బెంగళూరు నుంచి గురువారం గురువారం వచ్చేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరవై మందిని చూసి, చేతిలో టిఫిన్ డబ్బా తెరవకుండానే మళ్ళీ బస్సెక్కేవారు. రెండు నెలలకోసారి కుప్పంలో క్యాంపు పెట్టేవాళ్ళం. అక్కడ అనుమానం వచ్చిన వాళ్ళను మా వ్యానులో వీకోట, పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకు తెచ్చి, నా గదిలో పడుకోబెట్టేవాళ్ళు.

మొదటి వారమే డాక్టరు గారు ఒక సంగతి నా బుర్రకెక్కించారు. "చార్టులో ఉండే అంకెలు ఆరడుగుల దొరలవమ్మా. మన అవ్వల గుండెను వాటి పక్కన పెడితే, వాచిన గుండె కూడా మంచి గుండె లాగే కనిపిస్తుంది. మనిషి ఒంటిని బట్టి గుండె. అందుకని ప్రతి కొలతనూ ఒంటి వైశాల్యంతో భాగించి రాయి. ముసలివాళ్ళ విషయంలో అసలు మరిచిపోవద్దు. వాళ్ళు ఏటేటా తరిగిపోతుంటారు. బరువు తూచి రాయి."

మా అటెండరు పక్కనే ఉన్నాడు. పుంగనూరు మనిషి, యాభై దాటినవాడు. ఆస్పత్రికి రాకముందు పశువుల సంతలో దళారీగా తిరిగాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. ఆయన నవ్వి, "అంతే గదా సార్. మా పుంగనూరు పొట్టి ఆవును తెచ్చి ఒంగోలు ఆవు పక్కన నిలబెట్టి, ఇది సిక్కిపోయిండాది అంటే ఎట్ల?" అన్నాడు. డాక్టరు గారు కూడా నవ్వి, ఈయన చెప్పిందే రాసుకో అన్నారు నాతో.

లెక్కకు ఒక అట్ట ఉండేది. దాని మీద మూడు నిలువు గీతలు. ఒక చివర గీత మీద ఎత్తు, ఇంకో చివర గీత మీద బరువు. రెండింటినీ స్కేలు పెట్టి కలిపితే నడిమి గీత మీద ఒంటి వైశాల్యం తేలేది. ముసలివాళ్ళకు వీపు వంగిపోయి ఉంటుంది కదా, గోడకు నిలబెడితే ఎత్తు తక్కువ వచ్చేది. నాకొక ఉపాయం తట్టింది. తాళ్ళు పేనేవాళ్ళు బార వేస్తారు చూడండి, చేతులు రెండూ చాపి ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా. వయసులో ఉన్నప్పటి మనిషి ఎత్తు ఇంచుమించు వాళ్ళ బారంతే ఉంటుంది. అవ్వల్ని చేతులు చాపమని టేపు పట్టి ఆ కొలతనే ఎత్తుగా రాయడం మొదలుపెట్టాను. డాక్టరు గారు చూసి, "భేష్, మా కాలేజీలో కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా చెయ్యరు" అన్నారు. ఆ భేష్ నా తలకెక్కింది. వారం రోజులు నేల మీద నడవలేదు.

ఎత్తు విషయంలో అంత తెలివి చూపించిన మనిషి బరువు దగ్గర ఏం చేసిందో వినండి. బరువు చూసే కాటా నా గదిలో లేదు. పొడుగాటి వరండాకు ఆ చివర, మందుల కిటికీ ఎదురుగా ఉండేది. ఆయాసపడే ముసలి మనిషిని అక్కడి దాకా నడిపించి, క్యూలో నిలబెట్టి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టాలంటే పావుగంట పట్టేది. పైగా మా అవ్వలకు కాటా ఎక్కడమంటే చెడ్డ చిన్నతనం. మండీలో మూటల్ని తూచినట్టు పదిమంది ముందు నిలబెడతారా అని మొహం తిప్పుకునేవాళ్ళు. ఒకరిద్దరితో పోట్లాడి చూశాను. ఆ తర్వాత రోగి వెంట వచ్చినవాళ్ళను అడిగి రాయడం మొదలుపెట్టాను. రాసేది పెన్సిల్‌తో కాదు, పెన్నుతోనే.

ఒక చలికాలం గురువారం కుప్పం వ్యానులో ఆరుగురు వచ్చారు. అందులో ఒక అవ్వ. అరవై దాటి ఉంటుంది. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద దుప్పటి, దుప్పటి లోంచి ముక్కు ఒకటే కనిపిస్తోంది. వెంట కోడలు, ముప్పై ఏళ్ళుంటాయేమో. కొడుకు కోలారు వైపు రాళ్ళ పనికి పోయాడట, ఇంట్లో వీళ్ళిద్దరే.

"ఏం పని చేస్తావవ్వా?" అన్నాను.

"బొరుగుల బట్టీలో పాపా. నలభై ఏండ్లు ఇసకలో బియ్యం ఏంచినాను. ఆ పొగంతా ఈడ సేరింది" అని గుండె మీద చెయ్యేసుకుంది. "నాలుగు అడుగులేస్తే ఆయాసం. పండుకుంటే గుండె దిండులో కొట్టుకుంటాది. నిద్ర పట్టదు, దాని సప్పుడు ఇనుకుంటా ఉండేదే."

మనిషి మాటకారి. చేతులు చాపమంటే, "ఎగిరిపోతానేమో సూడు" అని నవ్వించింది. బార కొలిచాను. ఆ తర్వాత, "అవ్వా, వరండా చివర కాటా ఉంది, ఒకసారి పోయి బరువు చూసుకుని వద్దామా?" అన్నాను.

"నన్నేమి సింతపండు మూట అనుకునినావా పాపా, కాటా ఎక్కించేదానికి?"

తెర అవతల బెంచీ మీద కూర్చున్న కుప్పం వాళ్ళు గొల్లున నవ్వారు. అందరూ వాళ్ళ వీధి వాళ్ళే. బయట ఇంకా పదమూడు మంది ఉన్నారు. నేను కోడలి వైపు తిరిగాను. "బరువెంతో నీకు తెలుసా అమ్మా?"

ఆ పిల్ల నన్ను చూడలేదు. తెర వైపు చూసింది. అవతల నవ్వు ఆగిపోయింది. అత్తకు కూడు పెట్టదన్న మాట ఆ వీధిలో ఎన్నాళ్ళుగా నలుగుతోందో నాకు తర్వాత తెలిసింది. గొంతు పెంచి చెప్పింది. "యాభై ఉండాది మేడమ్. యాభైకి తగ్గదు. మూడు పూటలా తింటాది."

"ఔనౌను, కోడలు బాగానే పెడతాది" అని బెంచీ మీంచి ఎవరో సాగదీశారు.

అవ్వ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. తర్వాత నాతో, "రాసుకో పాపా, యాభయ్యే" అంది.

యాభై అని రాసుకున్నాను.

ఇక్కడ మీకు తెలిసిన సంగతే ఒకటి గుర్తు చెయ్యాలి. లావుపాటి మనిషికి బొమ్మ మసకగా వస్తుంది, బక్కపలచని మనిషికి అద్దంలా వస్తుంది. ఆ అవ్వ స్వెట్టరు విప్పి, ప్రక్కటెముకల సందులో ప్రోబు పెట్టగానే గుండె కళ్ళ ముందు నిలబడింది. గోడలు, కవాటాలు, లీకై వెనక్కి వస్తున్న రక్తానికి వణుకుతున్న రేకు, అన్నీ పుస్తకంలో బొమ్మ లాగా. నాకు సంతోషం పట్టలేదు. అటెండర్ని పిలిచి మరీ చూపించాను. వేళ్ళ కింద ఒక్కొక్క ఎముకా లెక్కపెట్టుకోవచ్చు. అయినా ఎముకల సందున అంత చక్కటి బొమ్మ ఇచ్చే ఒంట్లో యాభై కిలోలు ఎక్కడున్నాయని నాకు తట్టలేదు. నా చేతులకు తెలిసింది, నా పెన్నుకు తెలియలేదు.

కాగితం మీద గుండె గది కొలిచాను. అట్ట మీద స్కేలు పెట్టాను. భాగించాను. వచ్చిన అంకె, గుండె పెరిగిందని తేల్చే హద్దు గీతకు వెంట్రుక వాసిలో ఈవల ఆగింది.

ఆ గీత ఎందుకో చెప్తాను. అవ్వ గుండెలో ఒక కవాటం లీకవుతోంది. గుండె గది ఇంకా పెరగకపోతే మాత్రలతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. పెరిగి ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపి కవాటం మార్పించాలి. ఆలస్యమైతే గుండె కండ సాగి, మళ్ళీ బిగువుకు రాదు, ఆపరేషన్ చేసినా లాభముండదు. అంటే అవ్వకు ఆపరేషనా, మాత్రలా అన్నది ఆ భాగహారం చెప్పాలి. డాక్టరు గారు నా కాగితం చూశారు, దుప్పటి కప్పుకున్న అవ్వను చూశారు. మాత్రలు రాసి ఆరు నెలలకు రమ్మన్నారు.

పోతూ పోతూ అవ్వ నా దగ్గరికొచ్చింది. "నార్మల్ అనె గదా డాక్టరు. నార్మల్ అంటే ఏంది పాపా?"

"లీకుంది గానీ గుండె సైజు బాగానే ఉందవ్వా."

"అయితే బట్టీకాడికి పోవచ్చునా?"

డాక్టర్ని అడిగి చెప్పాలి నేను. అడగలేదు. "కొంచెం కొంచెం చేసుకో" అన్నాను. అవ్వ కొంగున కట్టుకొచ్చిన బొరుగులు నా టేబుల్ మీద పోసి, వ్యానెక్కింది.

ఆరు నెలలకు రాలేదు. ఎందుకొస్తుంది, నార్మల్ అన్నాక? పద్నాలుగు నెలలకు వచ్చింది. ఆ గురువారం మా అటెండరు పొద్దున డ్యూటీకి వస్తూ పుంగనూరు బస్టాండులో చూశాడట. అవ్వ సిమెంటు బెంచీ మీద ఒరిగిపోయి ఉంది, కోడలు మదనపల్లె బస్సును ఆపమని డ్రైవర్ని బతిమాలుతోంది. కుప్పం నుంచి బస్సులు మారి మారి అక్కడి దాకా తెచ్చింది ఆ పిల్ల, ఒక్కతే. మా అటెండరు అవ్వను ఎత్తి బస్సులో పెట్టి, దిగాక మళ్ళీ ఎత్తుకుని నా గదిలోకే తెచ్చాడు. కోడలు సంచీ పట్టుకుని వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

అవ్వను బల్ల మీద దించి ఆయన నా దగ్గరగా వచ్చాడు. గొంతు తగ్గించి, "బేటీ, ముప్పై ఏండ్లు సంతలో పశువుల్ని కంటితో తూచినోణ్ణి. ఈయమ్మ ముప్పై అయిదు గూడా లేదు" అన్నాడు.

"జబ్బుతో చిక్కిపోయి ఉంటుంది" అన్నాను.

"సిక్కడమా? కాళ్ళు సూడు, నీళ్ళు దిగిండాయి. ఆ నీళ్ళతో కలిపే సెప్తాండాను."

పాత కాగితం తీశాను. నా దస్తూరీలో యాభై. ఈసారి వరండా ఆ చివరి నుంచి కాటానే నా గదిలోకి మోయించాను. దానికి పట్టింది అయిదు నిమిషాలు. అవ్వను ఇద్దరం చెరో పక్కా పట్టి నిలబెట్టాం. ముల్లు ముప్పై నాలుగు దగ్గర ఆగింది. అవ్వ ఈసారి మూట మాట ఎత్తలేదు. మాట్లాడే ఊపిరి లేదు.

నేను పాత కొలతకే మళ్ళీ లెక్క వేశాను. పద్నాలుగు నెలల కిందటి గుండె, ముప్పై నాలుగు కిలోల ఒళ్ళు. ఈసారి అంకె గీతను దాటి చాలా దూరం పోయింది. అప్పుడు ఇంకో నాలుగు కిలోలు ఎక్కువే ఉందనుకున్నా దాటేది. ఆ రోజే పంపించి ఉండాల్సింది.

రెండు కాగితాలూ డాక్టరు గారి ముందు పెట్టాను. దాచలేదు, ఆ మాత్రం నిజాయితీ నాకుంది. ఆయన ఒకదాని తర్వాత ఒకటి చూసి, కళ్ళద్దాలు తీసి, "ఈ యాభై ఎక్కడ్నించి వచ్చింది?" అన్నారు.

"నేను తూచలేదు సార్" అనాలి. నాలుక మీదికి వచ్చింది కూడా. నోట్లోంచి మాత్రం, "ఇంట్లోవాళ్ళు చెప్పారు సార్" అని వచ్చింది.

అబద్ధం కాదు కదా. కోడలు గుమ్మంలోనే ఉంది. డాక్టరు గారు అటు తిరిగారు. "ఏమ్మా, ఎందుకట్లా చెప్పావు? ఈమె బరువు నీకు తెలియదా?"

ఆ పిల్లకు ముందు అర్థం కాలేదు. డాక్టరు గారు కాగితం చూపించి, ఆ రోజు సరైన బరువు తెలిసుంటే ఆపరేషన్‌కు పంపేవాళ్ళమని చెప్పారు. అప్పుడు అర్థమైంది. చేతిలో సంచీ కింద పడింది. "నేను పెడతానే ఉండాను సార్. నేను తినకపోయినా అత్తకు పెడతాను. ఆ పొద్దు మా ఈదోళ్ళంతా ఆడ కూసోనుండారు. సిక్కిపోయిండాది అంటే నన్నేమంటారో అని... యాల సెప్పినానో సార్, నా నోట్లో మన్ను పడ" అని తల గోడకు కొట్టుకుంది. అవ్వ బల్ల మీద నుంచి చెయ్యి ఊపుతోంది, వద్దు వద్దు అని. నేను ట్రేసింగ్ కాగితం చుట్ట చుడుతూ నిలబడ్డాను. అది అప్పటికే చుట్టి ఉంది.

సాయంత్రం డాక్టరు గారు బస్సుకు పోయే ముందు నన్ను ఒంటరిగా పిలిచారు. "అడిగి రాయమని నేనెప్పుడూ చెప్పలేదు. తూచి రాయమన్నాను" అన్నారు. అంతే. గొంతు కూడా పెంచలేదు. నాకు పడిన చీవాట్లు నాలుగ్గోడల మధ్య పడ్డాయి, ఆ పిల్లకు పడినవి పదిమంది ముందు పడ్డాయి. మరునాడు నేనే కాటాను నా గదిలో శాశ్వతంగా పెట్టించి, చుట్టూ తెర కట్టించాను. ఆ తర్వాత ఏ అవ్వా కాటా ఎక్కనని అనలేదు. వాళ్ళ అభ్యంతరం తూకం గురించి కాదు, చూసే జనం గురించి. ఆ ముందు ఏడాదే ఒక మీటరు గుడ్డతో తీరిపోయే పని అది.

అవ్వను పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ చూసి, కండ సాగిపోయింది, ఇప్పుడు కోస్తే బల్ల మీదే పోతుందని తిప్పి పంపారు. మూడు నెలలు బతికిందట.

మీరడగొచ్చు, కోడలికి చెప్పలేకపోయావా అని. తప్పు నీది కాదమ్మా, చెప్పింది రాయడం కాదు, తూచడం నా పని, అని. ఎన్ని మాటలు? పది కూడా లేవు. ఉత్తరం రాద్దామనుకున్నాను, చదవడం వచ్చో రాదో అనుకున్నాను. మనిషిని పంపుదామనుకున్నాను, ఏమని పంపను అనుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత ఉండేది, అది ఒప్పుకుంటాను. కానీ డాక్టరు గారికి తెలిసిపోయాక ఇంక ఉద్యోగానికేం భయం? సిగ్గు, అంతే. నేను చాలా శ్రద్ధ గల టెక్నీషియన్నని నాకు నేను చెప్పుకున్న మాట పోతుందని.

ఆఖరికి వచ్చే క్యాంపుకు నేనే వస్తానని అడిగి మరీ వ్యానెక్కాను. ఆ కోడలి ఇల్లు వెతికి, ఎదురుగా నిలబడి చెప్పేద్దామని. కాటాను కూడా వ్యానులో వేయించాను. దారి పొడుగునా ఆ పది మాటలు వల్లె వేసుకున్నాను.

వెతకాల్సిన పని పడలేదు. కుప్పంలో బడి ఆవరణలో బల్ల వేసుకుని కూర్చోగానే ఆమే వచ్చింది. వాళ్ళ వీధిలోని ముసలివాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని. మనిషి సగమైపోయి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టి, దండం పెట్టింది. తర్వాత వరసలో ఉన్న వాళ్ళ వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"కాటా ఎక్కండి. సిగ్గుపడొద్దండి. బరువు అడిగితే ఉండేది ఉండినట్టు సెప్పండి. నేను యాభై అని అబద్ధం సెప్పి మాయత్తను సంపుకున్యాను. మీరట్ల సెయ్యొద్దండి."

వరసలో ఒక పెద్దాయన నా వైపు చూసి, "అబద్ధం సెప్తే ఈళ్ళకు తెలీదా? కంటికి కనపడదా మనిషి?" అన్నాడు.

ఇప్పుడు చెప్పాలి. ఇంతకంటే మంచి సమయం రాదు, ఇంతమంది సాక్షులు దొరకరు. నోరు తెరిచాను.

ఆమె నాకంటే ముందే అందుకుంది. "ఆయమ్మను ఏమీ అనొద్దప్పా. ఆయమ్మ తప్పేముండాది? నేను సెప్పిందే రాసుకునింది పాపం."

అని, మొదటి ముసలామె చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా కాటా ఎక్కించి, రాసుకోండి మేడమ్ అన్నట్టు నా వైపు చూసింది.

ముప్పై ఎనిమిది. తల వంచుకుని రాసుకున్నాను. "తర్వాతి వాళ్ళు రండి" అన్నాను.